మొదటిసారి టూ స్ట్రోక్ స్కూటర్ ఇంజను బలం పెంచుతున్నారా? వెస్పా, ఎల్‌ఎంఎల్, చేతక్‌లకు ఏ దారి ఎంచుకోవాలి

ఇంట్లో మూలన పడి ఉన్న ఎల్‌ఎంఎల్ వెస్పానో, చేతక్‌నో మళ్లీ రోడ్డెక్కించాలని ఇంజను విప్పించిన వారిలో చాలామందికి ఆ రోజే ఇంకో ఆలోచన వస్తుంది. ఎలాగూ బ్లాకు (సిలిండర్) ఊడదీశాం, బోరు చేయించక తప్పదు, ఆ ఖర్చేదో ఇంకాస్త పెంచి పికప్ కూడా పెంచుకుంటే పోలేదా అని. ఆలోచన తప్పేమీ కాదు. ఈ ఇంజనులో కదిలే భాగాలు తక్కువ, విప్పి బిగించడం సులువు, ఇటలీలోనూ జర్మనీలోనూ వీటికోసం ఇప్పటికీ కొత్త సిలిండర్ కిట్లు తయారవుతున్నాయి. చిక్కంతా ఎంపిక దగ్గరే వస్తుంది. అమ్మేవారు ఏ కిట్టుకు ఎన్ని హార్స్‌పవర్లు వస్తాయో చెబుతారే గాని, ఆ బలం రావడానికి మిగతా ఇంజనులో ఏమేం మార్చాలో, రేపు పిస్టన్ వేడికి సిలిండర్‌లో బిగుసుకుని పట్టేస్తే మన ఊళ్లో దాన్ని బాగుచేసేవారు ఉంటారో లేదో చెప్పరు. మొదటిసారి ఈ పనికి దిగేవారు హార్స్‌పవర్ల కంటే ముందు ఈ రెండింటినీ చూసుకుని కిట్ ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

ఇక్కడ చెప్పే లెక్కలు 1977లో వచ్చిన వెస్పా పీఎక్స్ ఇంజనుకూ, ఆ వంశానికి చెందిన ఇంజనులకూ వర్తిస్తాయి. పీఎక్స్ 125లో బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 52.5 మిల్లీమీటర్లు, 150లో 57.8; రెండింటిలోనూ స్ట్రోకు, అంటే పిస్టన్ కిందినుంచి పైకి కదిలే దూరం, 57 మిల్లీమీటర్లే. కాన్పూరులో పియాజియోతో కలిసి ఎల్‌ఎంఎల్ తయారుచేసిన స్కూటర్లు ఈ కుటుంబానివే. 1972లో మొదలైన బజాజ్ చేతక్ అంతకు ముందరి వెస్పా స్ప్రింట్ నమూనా నుంచి పుట్టింది. దాని బోరూ స్ట్రోకూ రెండూ 57 కావడం వల్లనే 145.45 సీసీ అనే ఆ వింత అంకె వచ్చింది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని శక్తి ఏడున్నర హార్స్‌పవర్లు. లాంబ్రెట్టా వంశానికి చెందిన విజయ్ సూపర్ ఇంజను నిర్మాణమే వేరు కాబట్టి దాని సంగతి ఈ వ్యాసంలో లేదు.

కిట్ అంటే స్థూలంగా కొత్త బ్లాకు, పిస్టన్, రింగులు, కొన్నిటిలో సిలిండర్ పైమూత అయిన హెడ్ కూడా. ఈ కుటుంబానికి దొరికే కిట్లలో ఎక్కువ వాటి బోరు 63 మిల్లీమీటర్లు. పాత 57 స్ట్రోకుతో లెక్క కడితే అది 177 సీసీ అవుతుంది. చేతక్‌తో పోలిస్తే ఇరవై శాతం పైచిలుకు, పీఎక్స్ 125తో పోలిస్తే నలభై శాతానికి పైగా పెరుగుదల. పెరిగిన సీసీతో పాటు వేడి, క్లచ్ మీద భారం, పెట్రోలు ఖర్చు కూడా పెరుగుతాయన్నది మొదటినుంచీ గుర్తుంచుకోవలసిన విషయం.

ముందుగా చట్టం సంగతి

దీన్ని చివర్లో చెప్పి వదిలేయడం సరికాదు, ఎందుకంటే మన దగ్గర ఎంపికను సగం నిర్ణయించేది ఇదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించారు. ఆర్సీలో 145 సీసీ అని ఉన్న బండికి 177 కిట్ వేసి హైదరాబాదులోనో విజయవాడలోనో తిప్పితే ఆ నిబంధన కిందికి వస్తారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఎదురయ్యే ఇబ్బంది దానికి అదనం.

బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఉంటూ అక్కడ పాత పీఎక్స్ కొనుక్కున్న మనవాళ్లకు పరిస్థితి వేరు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ పత్రంలో సీసీ మార్పు నమోదు చేయించుకుని, ఇన్సూరెన్సు వారికి తెలియజేసి నడపవచ్చు. కాకపోతే నేర్చుకునేవారి లైసెన్సు 125 సీసీ దాటనివ్వదు కాబట్టి ఆ దశలో ఉన్నవారు 177 జోలికి వెళ్లకూడదు. జర్మనీలో మార్పును తనిఖీ చేయించి పత్రాల్లోకి ఎక్కించాలి. కిట్ల పోలిక చాలావరకు అలాంటి పాఠకులకూ, రోడ్డు మీద కాకుండా ట్రాక్ మీద నడిపే బండి కట్టుకునేవారికీ ఉపయోగపడుతుంది. ఇక్కడ రోజూ తిప్పుకునే బండి ఉన్నవారికి, కింద చెప్పబోయే నాలుగింటిలో మొదటి దారే సరైన దారి.

మొదటి దారి: సీసీ మార్చకుండా ఇంజనును సరిగా కట్టడం

ఇది ఏమీ చేయకపోవడంతో సమానమని అనుకునేవారున్నారు. ముప్పై ఏళ్ల నాటి ఇంజను విషయంలో అది నిజం కాదు. పాత చేతక్ ఎక్కాల్సిన చోట ఎక్కడం లేదంటే, చాలాసార్లు సైలెన్సర్ లోపల నూనె మసి గడ్డకట్టి దారి మూసుకుపోయి ఉంటుంది, లేదా బ్లాకులో పొగ బయటికి పోయే రంధ్రం, అంటే ఎగ్జాస్ట్ పోర్టు అంచుల్లో కార్బన్ పేరుకుని ఉంటుంది. మన మెకానిక్కులు సైలెన్సర్ కాల్చి శుభ్రం చేసేది ఇందుకే. ఆ పని ఒక్కటే సరిగా జరిగినా పోయిన పికప్‌లో కొంత తిరిగి వస్తుంది. దాని తర్వాత మంచి లేతు షాపులో బోరింగు, హోనింగు చేయించి, పేరున్న కంపెనీ ఓవర్‌సైజు పిస్టన్ వేయించి, హెడ్‌కూ పిస్టన్‌కూ మధ్య సందు సరిచేసి, కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి పంపే జెట్లు సరిపెడితే బండి కొత్తగా కొన్నప్పటి స్థితికి, ఒక్కోసారి అంతకన్నా కాస్త మెరుగైన స్థితికి వస్తుంది.

హెడ్ సందు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ దారి ఎంచుకున్నా ఇది చేయవలసిందే. పిస్టన్ పైకి పూర్తిగా చేరినప్పుడు దాని అంచుకూ హెడ్ అంచుకూ మధ్య మిగిలే దూరాన్ని స్క్విష్ అంటారు. ఆ దూరం తక్కువగా ఉంటే అంచుల్లో ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమం ఒక్కసారిగా మధ్యకు నెట్టబడి త్వరగా, సమంగా మండుతుంది. మరీ ఎక్కువగా ఉంటే అంచుల్లో మిగిలిన మిశ్రమం ఆలస్యంగా మండి పిస్టన్‌ను వేడెక్కిస్తుంది. దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తని సోల్డరింగ్ వైరు ముక్కలు రెండు తీసుకుని, పిస్టన్ మీద గడ్జన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్) ఉన్న వరుసలోనే అటొకటి ఇటొకటి, కొసలు సిలిండర్ గోడను తాకేలా కాస్త గ్రీజుతో అంటించాలి. పిన్‌కు అడ్డంగా పెడితే పిస్టన్ ఊగి కొలత తప్పు చూపిస్తుంది. హెడ్ బిగించి, క్రాంకు కొసన ఉండే చక్రాన్ని, అంటే మాగ్నెట్‌ను, చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్లీ హెడ్ విప్పి, నలిగిన కొసలను వెర్నియర్‌తో కొలవాలి. రోడ్డు బండికి 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటే బాగుంటుంది. ఒక మిల్లీమీటరు కన్నా తగ్గించడం మొదటిసారి చేసేవారికి తగదు. వైరు నలగనే లేదంటే సందు రెండు మిల్లీమీటర్లకు పైగా ఉందన్నమాట. పాత ఇంజనుల్లో ఇది అరుదేమీ కాదు. సందు ఎక్కువైతే లేతు మీద హెడ్‌ను తగ్గించాలి గాని, బ్లాకు కింది ప్యాకింగు తీసేసి సర్దుకోకూడదు. ప్యాకింగు తీస్తే బ్లాకు కిందికి దిగి, పోర్టులు తెరుచుకునే సమయాలు కూడా మారిపోతాయి.

రెండో దారి: శాంతమైన ఇనుప కిట్

రోడ్డు మీద వాడే అనుమతి ఉన్నవారికి, మొదటి కిట్‌గా నేను ముందుగా చెప్పేది డీఆర్ అనే పేరుతో అమ్మే 177 సీసీ కిట్. ఇది పోత ఇనుప బ్లాకు. పోర్టులు కంపెనీ బ్లాకుకు దగ్గరగానే ఉంటాయి, అందువల్ల ఇంజను ఎక్కువ చుట్లు తిరగాలని కోరదు. కింది స్పీడులోనే లాగుడు పెరుగుతుంది. పాత ఎస్‌ఐ 20/20 కార్బొరేటర్‌తో, పాత సైలెన్సర్‌తో, పిస్టన్ కదలికను చక్రాల తిప్పుడుగా మార్చే పాత క్రాంకుతో పనిచేస్తుంది. క్రాంకు కేసింగును తాకాల్సిన అవసరం లేదు. మొత్తం మీద పది హార్స్‌పవర్ల దరిదాపుల్లో శక్తి వస్తుందని అనుకోవచ్చు. అంకె చిన్నదిగా కనిపించినా, ఇద్దరు కూర్చుని వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరుకు దిగాల్సిన అవసరం తగ్గడం రోజువారీ వాడకంలో స్పష్టంగా తెలుస్తుంది.

దీని లోపం కూడా చెప్పాలి. పై స్పీడులో ఇది త్వరగా ఆయాసపడుతుంది. హైవే మీద ఎక్కువ దూరం ఒకే వేగంతో పోవాలనుకునేవారికి ఇది కొన్ని నెలల తర్వాత చాలదనిపించవచ్చు. అయినా మొదటి ఇంజను కట్టడంలో నేర్చుకోవలసిన జెట్టింగు, ప్లగ్ నిప్పురవ్వ వేసే టైమింగు, హెడ్ సందు, రింగు గ్యాపు వంటివన్నీ దీని మీద తక్కువ ఖర్చుతో నేర్చుకోవచ్చు.

మూడో దారి: ఎక్కువ పోర్టుల ఇనుప కిట్

పొలీని 177 ఇనుప కిట్ చాలా ఏళ్లుగా ఐరోపాలో అందరికీ తెలిసినది. బోరు అదే 63, లోహమూ అదే, ధర కాస్త ఎక్కువ. తేడా ఎక్కడంటే, కింద నుంచి మిశ్రమాన్ని పైకి పంపే ట్రాన్స్‌ఫర్ పోర్టులు పెద్దవి, ఎక్కువ. ఎగ్జాస్ట్ పోర్టు కూడా ముందుగా తెరుచుకుంటుంది. అందువల్ల ఇంజను ఇష్టంగా పైకి తిరుగుతుంది. 20/20 కన్నా పెద్దదైన ఎస్‌ఐ 24/24 కార్బొరేటర్, మంచి బాక్సు సైలెన్సర్ తోడైతే పన్నెండు పైన హార్స్‌పవర్లు రాబట్టవచ్చు.

కానీ ఆ పెద్ద పోర్టుల పూర్తి ప్రయోజనం రావాలంటే, బ్లాకు కింద ఉన్న ద్వారాలకు సరిపోయేలా క్రాంకు కేసింగు నోళ్లను గ్రైండరుతో పెద్దవి చేయాలి. ఈ ఒక్క పని రెండో దారినీ మూడో దారినీ వేరు చేస్తుంది. కేసింగును గ్రైండ్ చేయాలంటే ఇంజను మొత్తం రెండుగా విప్పి, బేరింగులు తీసి, పని ముగిశాక అల్యూమినియం రజను ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగాలి. ఒక్క రేణువు మిగిలినా అది పెద్ద బేరింగులోకి చేరుతుంది. ప్యాకింగు ఆనే అంచు మరీ సన్నబడితే అక్కడి నుంచి గాలి లాగడం మొదలవుతుంది. గ్రైండింగు చేయకుండా వేసినా కిట్ నడుస్తుంది, డీఆర్ కన్నా బాగానే నడుస్తుంది, కానీ పెట్టిన డబ్బులో కొంత వృథా అవుతుంది. కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది: బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చడానికి ఇంజను ఎలాగూ పూర్తిగా విప్పుతుంటే, ఇంతకుముందు ఇలాంటి కేసింగు పని చేసినవారు అందుబాటులో ఉంటే, పొలీని తీసుకోవచ్చు. పై భాగం మాత్రమే విప్పే ఆలోచన ఉంటే డీఆర్ చాలు.

నాలుగో దారి: అల్యూమినియం కిట్లు

మలోస్సి, పినాస్కో, బీజీఎం వంటి సంస్థలు అమ్మే అల్యూమినియం బ్లాకుల్లో సిలిండర్ లోపలి గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన గట్టి పూత ఉంటుంది. అల్యూమినియం వేడిని పోత ఇనుము కన్నా రెండు మూడు రెట్లు త్వరగా బయటికి పంపుతుంది. పిస్టన్ కూడా అల్యూమినియమే కాబట్టి రెండూ దాదాపు ఒకే తీరున వ్యాకోచిస్తాయి, మధ్య సందు తక్కువగా ఉంచవచ్చు. ఎక్కువ దూరం ఎక్కువ వేగంతో నడిపేవారికి ఇనుప బ్లాకు దీనితో సరితూగదు, ఇందులో వాదానికి తావు లేదు.

అయినా మొదటిసారికి నేను దీన్ని సిఫార్సు చేయను. ఇనుప బ్లాకులో పిస్టన్ పట్టేసి గోడ మీద గీతలు పడితే, కిట్ కంపెనీ ఓవర్‌సైజు పిస్టన్ తెప్పించి, ఏ జిల్లా కేంద్రంలోనైనా ఉన్న లేతు షాపులో బోరు చేయించుకుని బయటపడవచ్చు. అల్యూమినియం బ్లాకులో పూత లేచిపోతే బోరింగు కుదరదు. పూత మళ్లీ వేసే చోటు వెతికి దాన్ని అక్కడికి పంపాలి, లేదా కొత్త బ్లాకు కొనాలి. కిట్ ధర ఇనుప దానికి రెట్టింపు పైగా ఉంటుంది, దాని మీద రవాణా, కస్టమ్స్ సుంకం. జెట్లు సరిపెట్టడం ఇంకా చేతికి రాని దశలో పిస్టన్ పట్టేసే అవకాశం అందరికన్నా మీకే ఎక్కువ. ఇనుప కిట్ మీద ఒక ఏడాది నడిపి, ప్లగ్ చూసి మిశ్రమం చెప్పగలిగే స్థితికి వచ్చాక అల్యూమినియం కొనుక్కుంటే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. ఐరోపాలో ఉండేవారికి ఆ రవాణా, సుంకం భారం అంతగా ఉండదు, బాగుచేసేవారూ దగ్గర్లో ఉంటారు. వారిలో జాగ్రత్తపరులు నేరుగా ఇక్కడికే వచ్చినా నేను అడ్డు చెప్పను.

స్ట్రోకు 60 మిల్లీమీటర్లున్న క్రాంకు వేసి 187 సీసీ చేయడం, పీఎక్స్ 200 ఇంజను మొత్తాన్ని మార్చివేయడం వంటి దారులు కూడా ఉన్నాయి. అవి రెండో, మూడో ఇంజను కట్టేటప్పుడు ఆలోచించవలసినవి.

ఆర్డరు పెట్టకముందు కింది భాగం చూసుకోవాలి

నేల బాగాలేని చోట మేడ కట్టినట్టు, పాత సీళ్ల మీద కొత్త కిట్ వేసేవారే ఎక్కువ. ఈ ఇంజనులో క్రాంకుకు ఇరువైపులా రెండు ఆయిల్ సీళ్లు ఉంటాయి. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి లాగబడి తెల్లని పొగ విపరీతంగా వస్తుంది, ప్లగ్ నూనెతో తడుస్తుంది, గేరు బాక్సులో ఆయిల్ తగ్గుతూ పోతుంది. ఇది కంటికి కనిపించే జబ్బు కాబట్టి ప్రమాదం తక్కువ. మాగ్నెట్ వైపు సీలు పోతే మాత్రం పొగ ఉండదు, మరక ఉండదు. ఇంజను బయటి గాలిని లాగుతుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, ఐడ్లింగు ఉన్నట్టుండి పైకి లేచి కిందికి దిగనంటుంది. బండికి మంచి ఊపు వచ్చిందని సంతోషించేలోపు పిస్టన్ పట్టేస్తుంది. అందుకే బండి చరిత్ర తెలియకపోతే కిట్ డబ్బులో కొంత పక్కకు తీసి రెండు సీళ్లూ, క్రాంకు బేరింగులూ మార్చమంటాను. ఇంజను విప్పారు కాబట్టి గేర్లను ఎంచుకునే శిలువ ఆకారపు ముక్క, అంటే గేరు క్రాసు, కూడా చూడాలి. దాని అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటే, పెరిగిన బలానికి రెండో గేరు జారిపోవడం ఖాయం.

పీఎక్స్‌లోనూ చేతక్‌లోనూ మిశ్రమాన్ని లోపలికి అనుమతించేది క్రాంకు చక్రం అంచే. అది కేసింగులోని నునుపైన పట్టీకి అతి దగ్గరగా తిరుగుతూ ద్వారాన్ని మూసి తెరుస్తుంది. ఎప్పుడో ఒక రాయి ముక్కో, విరిగిన రింగు ముక్కో ఆ పట్టీని గీసి ఉంటే అక్కడి నుంచి మిశ్రమం వెనక్కి ఊదుతుంది, ఏ కిట్ వేసినా ఫలితం ఉండదు. తర్వాతి కాలపు ఎల్‌ఎంఎల్ ఇంజనుల్లో కొన్నిటికి ఆ పని రీడ్ వాల్వు (పలుచని రేకులు తెరుచుకుని మూసుకునే వాల్వు) చేస్తుంది, కాబట్టి వాటికి ఈ బెడద లేదు. అయితే ఆ కేసింగులో పోర్టుల అమరిక తేడాగా ఉంటుంది. చేతక్‌లో కూడా తయారైన కాలాన్ని బట్టి కేసింగు నోళ్లు మారుతాయి. బ్లాకు విప్పి, కింది ప్యాకింగును కాగితం మీద పెట్టి దాని ఆకారం గీసుకుని, అమ్మేవారు ఇచ్చే కిట్ ప్యాకింగు కొలతలతో పోల్చిన తర్వాతే ఆర్డరు పెట్టండి. సరుకు సముద్రం దాటి వచ్చాక వెనక్కి పంపడం కుదిరే పని కాదు.

కార్బొరేటర్, పెట్రోలు, వాతావరణం

డీఆర్‌కు పాత 20/20 చాలు, మెయిన్ జెట్ మాత్రం పెంచాలి. పొలీనికి 24/24 తీసుకోవడం మంచిది; ఆ కార్బొరేటర్‌లో 120 దరిదాపుల్లోని మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి, ఒక్కో అంకె దిగుతూ రావడం సురక్షితమైన పద్ధతి. చిన్నదాంతో మొదలుపెట్టి పైకి వెళ్లకూడదు. పెద్ద జెట్‌తో బండి మొండికేస్తుంది, పొగ పెడుతుంది, అంతకుమించి ఏమీ కాదు. చిన్న జెట్‌తో బండి చాలా హుషారుగా పరుగెత్తి, ఆ హుషారులోనే పిస్టన్ పట్టేస్తుంది.

జెట్ సరిచూడడానికి ప్లగ్ ఒక్కటే నమ్మకమైన సాక్షి. కొత్త ప్లగ్ బిగించి, ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో పూర్తి రేజులో కాసేపు నడిపి, ఒకేసారి ఇంజను ఆపి క్లచ్ పట్టుకుని పక్కకు ఆగాలి. ఐడ్లింగులో ఇంటిదాకా వచ్చి విప్పితే ప్లగ్ చూపించేది ఐడ్లింగు సంగతే. మధ్యలోని పింగాణీ కాఫీ పొడి రంగులో ఉంటే సరే, తెల్లగా ఉంటే వెంటనే పెద్ద జెట్ వేయాలి. కంపెనీ ప్లగ్ కన్నా ఒక మెట్టు చల్లని ప్లగ్, ఉదాహరణకు ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్ వాడేవారైతే బీ8హెచ్‌ఎస్, కిట్‌కు మంచిది. అయితే కిట్‌తో వచ్చిన హెడ్‌కు మర పొడవు వేరుగా ఉంటే దానికి తగిన ప్లగ్గే వాడాలి. పొడవాటి ప్లగ్ పొట్టి మరలో వేస్తే పిస్టన్‌కు తగులుతుంది.

మన దేశంలో ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది. ఐరోపాలోని జెట్టింగు పట్టికలను ఇక్కడ యథాతథంగా వాడితే ఒకటి రెండు అంకెలు తక్కువపడే అవకాశం ఉంది. వాతావరణమూ అంతే. వేడి గాలి పలచన, చల్లగాలి చిక్కన. మే నెల మధ్యాహ్నం విజయవాడలో సరిగ్గా కుదిరిన జెట్, డిసెంబరు తెల్లవారుజామున అదే ఊళ్లో చాలకుండా పోతుంది. ఎండాకాలంలో జెట్ సరిపెట్టేవారు ఒక అంకె ఎక్కువే ఉంచుకోవాలి. శ్రీశైలం, అరకు వంటి ఘాట్లు దిగేటప్పుడు మరో జాగ్రత్త అవసరం: రేజు పూర్తిగా మూసి గేరులోనే కిలోమీటర్ల కొద్దీ దిగితే పెట్రోలుతో పాటు 2టీ ఆయిల్ కూడా ఇంజనులోకి దాదాపుగా వెళ్లదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టుకుని కాస్త రేజు ఇస్తుండాలి. ఆయిల్ పాలు రెండు శాతం, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కిట్ వేశామని అంతకుమించి పోయడం వల్ల మసి తప్ప లాభం లేదు.

సైలెన్సర్, టైమింగ్, మిగతావి

సైలెన్సర్ లోపలి జాలీలు తీసేస్తే బలం పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర చాలా బలంగా ఉంది. టూ స్ట్రోకులో సైలెన్సర్ ఒత్తిడి తరంగాన్ని వెనక్కి పంపి, ఎగ్జాస్ట్ పోర్టు నుంచి జారిపోబోయే తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. జాలీలు తీసేస్తే ఆ లెక్క తప్పి శబ్దం పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. డీఆర్‌కు శుభ్రం చేసిన పాత సైలెన్సర్ చాలు. పొలీనికి సిప్ రోడ్ వంటి, బయటికి పాతదానిలా కనిపిస్తూ లోపల మార్చిన బాక్సు సైలెన్సర్ సరిపోతుంది. పొట్ట ఉబ్బిన ఎక్స్‌పాన్షన్ పైపులు బలాన్ని పై స్పీడులోకి తీసుకెళ్లి కింద ఖాళీ చేస్తాయి, వేడినీ పెంచుతాయి. ఊళ్లో ట్రాఫిక్‌లో నడిపే బండికి వాటితో పనిలేదు.

టైమింగ్ పీఎక్స్‌లో కంపెనీ నుంచి 18 డిగ్రీలు, అంటే పిస్టన్ పైకి చేరడానికి అంత ముందు ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. కిట్ వేశాక దాన్ని ముందుకు జరపవద్దు. ఒక డిగ్రీ వెనక్కి పెడితే హెడ్ చల్లగా ఉంటుంది. స్ట్రోబ్ లైటుతో చూపించుకోవడం మేలు. తేలికైన మాగ్నెట్ కొనడం మొదటిసారికి దండగ. క్లచ్‌కు కొత్త ప్లేట్లు, గట్టి స్ప్రింగులు వేయించాలి. బలం పెరిగాక టాప్ గేరు పొట్టిగా, అంటే ఇంజను అనవసరంగా ఎక్కువ తిరుగుతున్నట్టు, అనిపిస్తే క్లచ్ పినియన్ అనే పళ్ల చక్రాన్ని ఒక పన్ను పెద్దది చేసుకోవచ్చు, కానీ అది బండి కొంతకాలం నడిపి చూశాక. బ్రేకు లైనర్లు, టైర్లు మాత్రం అంతకాలం ఆగవు, కిట్ బిగించే రోజే మార్చాలి. ముందు డ్రమ్ బ్రేకు ఉన్న బండి ఎనిమిది హార్స్‌పవర్లకే అంతంతమాత్రంగా ఆగుతుంది.

ఎవరికి ఏది

ఆంధ్రలోనో తెలంగాణలోనో రోజూ రోడ్డు మీద తిప్పే చేతక్, ఎల్‌ఎంఎల్‌లకు మొదటి దారి. కిట్‌కు వెచ్చించాలనుకున్న డబ్బు సీళ్లు, బేరింగులు, మంచి పిస్టన్, బ్రేకులకు పెట్టండి. చట్టప్రకారం సీసీ మార్పించుకోగల చోట ఉండి, ఇంజను పై భాగం వరకే విప్పేవారికి డీఆర్. ఇంజను పూర్తిగా విప్పుతూ, కేసింగు పని తెలిసినవారు పక్కన ఉంటే పొలీని ఇనుప కిట్. రెండు కిట్లలో ఏది తీసుకోవాలో తేలకపోతే, తక్కువ పని కోరేదే తీసుకోండి.

ఏది వేసినా మొదటి ఐదారు వందల కిలోమీటర్లు పూర్తి రేజు ఇవ్వకుండా, అలాగని ఒకే వేగంలో గంటల తరబడి నడపకుండా, రేజు మారుస్తూ నడపాలి. మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారిన తర్వాత హెడ్ నట్లు ఎదురెదురు వరుసలో మళ్లీ బిగించాలి; వేడి మీద బిగిస్తే స్టడ్డు మర ఊడి చేతికి వస్తుంది. ఆ గడువు ముగిశాక కొత్త ప్లగ్ వేసి జెట్ పరీక్ష చేయండి. అప్పటిదాకా జేబులో ఒక ప్లగ్ స్పానరు, రెండు పెద్ద జెట్లు ఉంచుకోవాలి.